పంపినవాళ్లు ఏమయ్యారు? నల్లమల పదర మీద నాలుగు రోజులు

మొదటి రోజు: దేవరకొండ, డిండి, అచ్చంపేట

చిన్నమ్మ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్టకు పాత క్యాలెండర్ కాగితం తొడిగి, దారంతో కుట్టుకుంది. సర్కారు రిజిస్టర్ కాదది, తన కోసం రాసుకున్నది. అమ్రాబాద్ పదర (నల్లమలలో ఎత్తు మీది చదును) మీద ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌లో 1994 నుంచి 2009 దాకా ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా, చేసింది. పేజీకి ఎనిమిది గడులు గీసుకుంది: తేదీ, పేరు, ఊరు, వయసు, జబ్బు, ఇచ్చిన మందు, పంపిన చోటు, ఫలితం. ఏడో గడిలో చాలాచోట్ల 'పంపితిమి' అని ఉంటుంది. అచ్చంపేటకో, మహబూబ్‌నగర్‌కో, ఉస్మానియాకో. అట్లా పంపినవాళ్లలో నలభై ఒక్క మందికి ఎనిమిదో గడి ఖాళీ.

నేను హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి రికార్డుల విభాగంలో పని చేస్తాను. నాకు ఖాళీ గడి అంటే కంప్యూటర్ ఒప్పుకోని గడి. 'డిశ్చార్జ్', 'రెఫర్డ్', 'లామా' (డాక్టర్లు వద్దన్నా వెళ్లిపోవడం), 'డెత్', ఈ నాలుగింట్లో ఏదో ఒకటి నొక్కితేగాని పక్క పేజీకి పోనివ్వదు. బతుకమ్మ సెలవులకు వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ తిరగేస్తూ, "వీళ్లంతా ఏమైన్రు చిన్నమ్మా?" అని అడిగాను. "పంపినంక నాకేం తెలుస్తది బిడ్డా. గప్పుడు ఫోన్లున్నయా, పాడున్నయా" అన్నది. కాసేపాగి, "పోయి అడిగొద్దామా?" అన్నది. మోకాళ్ల నొప్పులతో దేవరకొండలో ఇల్లు దాటని మనిషి.

కార్తీకంలో బయల్దేరాం. నలభై ఒక్క మందిలో, ఇంకా అక్కడే ఉంటారని తనకు నమ్మకమున్న పదకొండు పేర్లు ఏరి వేరే కాగితం మీద రాసుకుంది. దేవరకొండ బస్టాండ్‌లో ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. కండక్టర్ చేతికిచ్చిన సున్నా టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మా ఇద్దరివీ నోట్‌బుక్‌లో పెట్టింది. లెక్కల్లో సున్నా కనిపిస్తే తనకు భయమని తర్వాత చెప్పింది. ఆ సంగతి మూడో రోజు.

డిండి వాగు దాటితే పాత నల్లగొండ జిల్లా అయిపోయి పాత పాలమూరు మొదలవుతుంది. 2016లో జిల్లాలు విడదీశాక ఇది నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యింది గానీ, బస్సులో ముసలివాళ్ల నోట ఇంకా పాలమూరే. కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న నల్లమలలో ఈ ఒడ్డు భాగమే అమ్రాబాద్ పదర. సాయుధ పోరాటం రోజుల్లో, 1948 తర్వాత సైన్యం ఊళ్లలోకి వచ్చినప్పుడు, నల్లగొండ దళాలు కొన్ని ఈ అడవిలోకే వెనక్కి తగ్గాయి. నలభై యాభై ఏళ్ల తర్వాత మళ్లీ దళాలు, ఈసారి నక్సలైట్లవి, మళ్లీ పోలీసు క్యాంపులు. 1993 నవంబర్‌లో సోమశిల దగ్గర మందుపాతర పేలి జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు చనిపోయారు. 2001 డిసెంబర్ 29న మద్దిమడుగు దగ్గర దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను కాల్చి చంపారు. చిన్నమ్మ ఉద్యోగం చేసిన పదిహేనేళ్లూ ఈ రెండు చావులకు అటూ ఇటూ పరుచుకున్న కాలమే.

సాయంత్రం అచ్చంపేటలో ఆమెతో పని చేసిన జీపు డ్రైవర్ ఇంటికి వెళ్లాం. డెబ్బై దాటాయి, కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది. చిన్నమ్మ గుమ్మంలోనే "అన్నా, బాగున్నవా" అన్నది. ఆయన పడీపడీ నవ్వాడు. ఎందుకంటే ఒకసారి చెక్‌పోస్టు దగ్గర ఆమె ఇట్లాగే "అన్నా, జీపు ఆపు" అని కేకేస్తే కానిస్టేబుల్ తుపాకీ ఎత్తాడట. "అన్నలు" అంటే ఒక్కటే అర్థమున్న కాలం. ఆ రోజు నుంచి జీపులో ఆయన్ను "డ్రైవర్ సాబ్" అనే పిలిచింది. ఇంకో మాట కూడా అప్పుడట్లాంటిదే. ఎవరైనా "లోపలికి పోయిండు" అంటే దళంలో చేరాడని అర్థం. ఆరోగ్య సిబ్బందికేమో లోపలికి పోవడమంటే పెంటలకు, అంటే అడవిలోని చెంచు గూడేలకు, టీకాలు తీసుకుపోవడం. "ఎక్కడికి పోయొస్తున్రు?" అని అడిగితే "లోపలికి" అనబోయి నాలుక కరుచుకునేవాళ్లట.

రాత్రిపూట జీపు నడిపే పద్ధతి ఆయన చెప్పాడు. ముందు లైట్లు వేస్తే సరిపోదు, లోపలి లైటు కూడా వేయాలి. అద్దాలు దించాలి. అడవిలో ఎవరున్నా, ఏ పక్షమైనా, బండిలో కడుపుతో ఉన్న ఆడమనిషి ఉందని దూరం నుంచే కనిపించాలి. "మా మీద వెలుగు పడాలె, దారి మీద కాదు" అన్నాడు. లోపలి లైటుతో ముందున్న దారి సరిగా కనిపించేది కాదు. గంటలో పోయే దూరానికి రెండు గంటలు పట్టేది. కాన్పు తర్వాత రక్తం ఆగకుండా పోతుంటే తల్లికి ఉండే సమయం దాదాపు అంతే, రెండు గంటలు. అందులో చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డది కూడా కలుపుకోవాలి.

పదకొండులో మొదటి పేరు ఆయనకే తెలుసు. అట్లా లోపలి లైటుతో తీసుకొచ్చిన లంబాడా తల్లి. "బతికింది గదా. బిడ్డ పెండ్లికి నన్ను పిలిచిన్రు కూడా" అన్నాడు. చిన్నమ్మ ఆయన దగ్గరే పెన్ను తీసుకొని ఎనిమిదో గడిలో 'బతికినది' అని రాసింది. 1998లో పంపిన మనిషికి ఇప్పుడు ఫలితం. రెండో పేరు, గుండెకు రంధ్రమున్న పిల్లవాడు. అతనూ ఆయనకు తెలుసు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదట ప్రయోగంగా పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ కార్డు మీదే హైదరాబాద్ పోయాడట. ఆపరేషన్ అయ్యింది గానీ ఇంటికి రాలేదు. ఆ గడీ నిండింది.

రెండో రోజు: మన్ననూర్, అమ్రాబాద్, పదర

హాజీపూర్ చౌరస్తా దగ్గర శ్రీశైలం రోడ్డెక్కితే కార్తీకం జాతరే. మాల వేసుకున్న కార్లు, నెత్తిన సంచులు కట్టుకున్న టవేరాలు. మన్ననూర్‌లో సగం బస్సు దిగి అమ్రాబాద్ వైపు తిరిగింది. ఎక్కుతుంటే గాలి మారుతుంది. పైనంతా చదును, పత్తి, మొక్కజొన్న, అక్కడక్కడ వేరుశనగ. పదర అంటే ఈ ఎత్తు మీది చదునే. పదర అనే పేరుతో ఒక ఊరు కూడా ఉంది, ఇప్పుడది మండలం.

పదర దాటాక ఒక ఊళ్లో దిగాం. అక్కడ మూడో పేరు. ఈ మనిషికి ఎనిమిదో గడి నిజానికి ఖాళీ కాదు. ఎర్ర ఇంకుతో 'డిఫాల్టర్' అని ఉంది. పైవాళ్లు రాయమంటే రాసిందట.

టీబీకి అప్పుడు డాట్స్ పద్ధతి. రోగి పేరు రాసిన మందుల పెట్టె ఒకటి వస్తుంది. కొత్త రోగికి ఎర్ర పెట్టె, తిరగబెట్టినవాడికి నీలం పెట్టె. వారానికి మూడుసార్లు, ఎవరో ఒకరి కళ్లముందు మింగాలి. మొదటి రెండు నెలలు గట్టి మందులు, తర్వాత నాలుగు నెలలు. వరుసగా రెండు నెలలు మానేస్తే ఆ మనిషి 'డిఫాల్టర్', అంటే ఎగ్గొట్టినవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాటను 2013లో తీసేసి 'లాస్ట్ టు ఫాలోఅప్', అంటే జాడ తప్పినవాడు, అని పెట్టింది. నా కంప్యూటర్‌లో ఇప్పుడు అదే ఉంటుంది. మాట మెత్తబడ్డది గానీ, తప్పిపోయింది రోగేనా, మనమా అన్నది అందులోనూ తేలదు.

ఈయనకు 2005 మొదట్లో మందు మొదలైంది. సంవత్సరం చూడగానే నాకు అర్థమయింది. 2004 జూన్ నుంచి ఆ మరుసటి జనవరి దాకా ఈ అడవి కొంచెం ఊపిరి పీల్చుకుంది. అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో సర్కారుకూ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగాయి. ఆ ఏడు నెలల్లో చిన్నమ్మ ఎప్పుడూ పోని పెంటలకు పోయింది. "నా సర్వీసు మొత్తంల టీకాలు పూర్తిగ ఏసింది గా ఏడాదే" అంటుంది. యుద్ధం ఆగింది చర్చల కోసం, మేలు జరిగింది తట్టు టీకాలకు. ఎల్ సాల్వడార్‌లో 1985 నుంచి పిల్లలకు టీకాల కోసమే ఏటా మూడు రోజులు రెండు పక్షాలూ కాల్పులు ఆపేవని ఎక్కడో చదివాను. మా దగ్గర అట్లా ఎవరూ అడగలేదు, దానంతటదే కలిసొచ్చింది. జనవరిలో చర్చలు తెగిపోయాయి. పోలీసుల కూంబింగ్, అంటే అడవి గాలింపు, మళ్లీ మొదలైంది. ఎర్ర పెట్టె సబ్‌సెంటర్‌లో ఉంది, మనిషి ఊళ్లో ఉన్నాడు, మధ్యలో ఐదారు కిలోమీటర్ల దారి ఎవరూ నడవనిది అయిపోయింది.

ఆయన అరుగు మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. (బీడీ చూడగానే చిన్నమ్మ మొహం మారింది. అది వేరే కథ.) గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది.

"సూదమ్మవు గదా నువ్వు?"

"అవ్ బిడ్డా. గోలీలు మింగకుండ పారిపోయినవ్ గదా."

"పారిపోలేదమ్మా. బొంబాయి పోయిన."

పాలమూరు లేబర్ అంటే తెలియనివాళ్లు లేరు. మూటాముల్లే కట్టి బొంబాయి బస్సెక్కడం ఇక్కడి ఇళ్లలో తరతరాల పని. కూంబింగ్ రోజుల్లో ఊళ్లో ఉన్న మగవాళ్లను రెండు పక్షాలూ పిలిచి మాట్లాడేవి. ఎవరికీ చెప్పకుండా పోవడమే క్షేమం. అక్కడ అడ్డా మీద కూలి చేస్తూ నెత్తురు కక్కితే, తోటివాళ్లు మున్సిపాలిటీ దవాఖానకు తీసుకుపోయారు. ఈసారి నీలం పెట్టె. ఎనిమిది నెలలు, రెండు నెలలపాటు సూదులు. మొత్తం పూర్తి చేశాడు. "ఒంటేలు ఎర్రగొస్తే భయమైతుండె. అది గోలీల రంగే అని నువ్వు చెప్పింది యాదికొచ్చింది" అన్నాడు. చిన్నమ్మ తలవంచుకుంది.

అంటే బొంబాయి లెక్కలో ఈయన నయమైన రోగి. మా లెక్కలో ఎగ్గొట్టినవాడు. ఒకే మనిషి రెండుసార్లు లెక్కకొచ్చాడు, రెండు జబ్బులుగా. నేను రికార్డుల మనిషిని కాబట్టి ఇది నన్ను రాత్రంతా తొలిచింది.

పెట్టె రంగు సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి సంచిలో ఎర్ర పెట్టెలు ఐదారు పెట్టుకొని వస్తుంటే ఆపారట. పెట్టె మీద పేరు, ఊరు రాసి ఉంటాయి గదా. "ఈ పేర్లేంది, ఎర్ర డబ్బాలేంది?" అని గంటన్నర. చివరికి ఒక కుర్ర ఎస్సై పెట్టె విప్పి వాసన చూసి, "మా నాయినకు గూడ గివే" అని వదిలేశాడు.

ఆ రోజు ఇంకో ముగ్గురి కోసం అడిగాం. ఒకామె గుంటూరు వైపు పోయింది, ఏ ఊరో తెలియదు. ఇద్దరు చనిపోయారు, అయితే చిన్నమ్మ పంపిన జబ్బుతో కాదు. ఒకరు ముసలితనం, ఒకరు పురుగుల మందు. అట్లాంటి ఫలితానికి ఏం రాయాలో తెలియక, 'తర్వాత పోయినారు' అని రాసింది.

రాత్రి మన్ననూర్‌లో గది దొరికింది. పులుల అభయారణ్యం కాబట్టి శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేటు వేసేస్తారు. ఆలస్యంగా వచ్చిన బండ్లన్నీ గేటు ముందు బారులు తీరాయి. జనం బొంతలు పరుచుకొని అక్కడే పడుకున్నారు. ఒంటిగంట దాటాక సైరన్ వినిపించింది. చిన్నమ్మ దిగ్గున లేచి కిటికీ దగ్గరికి పోయింది. 108. గేటు లేచింది, బండి ఆగకుండానే పోయింది. ఎన్ని నిమిషాలు ఆపారని నన్ను అడిగింది. ఆపలేదు చిన్నమ్మా అన్నాను. "అసలే ఆపలేదా?" అన్నది మళ్లీ.

మూడో రోజు: మద్దిమడుగు

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

మద్దిమడుగు ఆంజనేయస్వామి గుడికి బస్సుంది. దారిలో రెండు చెంచు పెంటలు రోడ్డుకు దగ్గరగానే ఉన్నాయి. లోతట్టు పెంటలకు అటవీ శాఖ అనుమతి కావాలి. మేం అడగలేదు, చిన్నమ్మ మోకాళ్లు కూడా ఒప్పుకోవు. ఒక పెంటలో దిగాం. పది పదిహేను ఇళ్లు. కొన్ని పక్కావి, వాటి పక్కనే బోద గుడిసెలు. పక్కా ఇంట్లో సామాను, గుడిసెలో మనుషులు. ఆశా కార్యకర్త ఒక చెంచు అమ్మాయి. చిన్నమ్మను చూసి కాళ్లకు మొక్కబోయింది. "నీకు నేనే ముక్కులకెళ్లి చుక్కలు పోసిన" అన్నది చిన్నమ్మ. నోట్లో వేసే పోలియో చుక్కల్ని ముక్కులో ఎందుకు పోసిందో అడిగితే, పిల్ల అంత కొట్లాడిందట, సగం ముక్కులోకే పోయాయట.

ఒక అవ్వ దగ్గర కూర్చున్నాం. వయసు చెప్పలేదు, 'నైజాం సర్కారు షికారు దొరలు' తనకు గుర్తున్నారని మాత్రం చెప్పింది. ఆమె కోడలు నోట్‌బుక్‌లో ఏడో పేరు. 2002 శ్రావణంలో కడుపుతో ఉండి ఫిట్స్ వచ్చిన పిల్ల. డోలీ కట్టి నలుగురు మోసుకొస్తే చిన్నమ్మ జీపు కోసం కబురు పంపి, అచ్చంపేటకు 'పంపితిమి' అని రాసింది. జీపు రాలేదు. బంద్ పిలుపు ఉందా, కల్వర్టు పేల్చారా, చిన్నమ్మకు ఇప్పుడు గుర్తు లేదు. ఎడ్లబండి మీద పంపింది.

"దారిలనే పాయె" అన్నది అవ్వ. "మళ్లీ ఎన్కకు తెచ్చుకున్నం. నీకు చెప్తమంటే, నీ కాడికి రావద్దని చెప్పిన్రు."

"ఎవరు చెప్పిన్రు?"

అవ్వ చేత్తో గాలిలో గీత గీసింది. అటు, ఇటు.

చిన్నమ్మ అప్పుడు నాకు సున్నా సంగతి చెప్పింది. ఆ సంవత్సరం ఆమె సబ్‌సెంటర్ పరిధిలో తల్లి మరణాలు సున్నా. మీటింగ్‌లో పెద్దసారు ఆమె పేరు చదివి చప్పట్లు కొట్టించారు. ఈ పిల్ల ఆ లెక్కలో లేదు, ఎందుకంటే చనిపోయిందని చెప్పడానికి ఎవరూ రాలేదు. చెప్పడానికి రావడం కూడా ఒక ప్రయాణమే గదా. దారి మూసుకుపోయిన చోట జబ్బు మనిషే కాదు, చావు కబురు కూడా బయటికి రాదు. కల్లోలం ఉన్న ప్రాంతం నుంచి మంచి అంకెలు వస్తే నేనిక భయపడతాను. మా ఆఫీసులో సున్నా కనిపిస్తే ఆకుపచ్చ రంగు వస్తుంది.

ఎనిమిదో గడిలో చిన్నమ్మ ఏమీ రాయలేదు అప్పుడు. అవ్వకు బస్టాండ్‌లో కొన్న అరటిపండ్లు ఇచ్చి లేచింది.

గుడి దగ్గర చెట్టు కింద కూర్చున్నాం. దర్శనం చేసుకుందామంటే "కాసేపు ఉండు" అన్నది. నోట్‌బుక్ తెరిచి ఒక పేజీ చూపించింది. 2002 మే. పేరు గడిలో 'పోరడు' అని మాత్రమే ఉంది. వయసు 17, పక్కన ప్రశ్న గుర్తు. జబ్బు: 'చెట్టు మీదికెళ్లి పడినాడు, తొడకు గాయం'. మందు: డ్రెస్సింగ్, టీటీ. పంపిన చోటు: 'పంపితిమి'. ఎక్కడికో లేదు.

ఏరిన పదకొండు పేర్లలో ఇతను లేడు. పన్నెండోవాడు.

రాత్రి రెండింటికి తలుపు కొట్టారట. ఎవరని అడగలేదు. తొడలోంచి తూటా అటు నుంచి ఇటు పోయింది. ఎముకకు తగలలేదు, పెద్ద రక్తనాళం తెగలేదు, అందుకే అక్కడిదాకా వచ్చాడు. ఆమె చేతిలో ఉన్నది గాజుగుడ్డ, అయోడిన్, నొప్పి సూది ఒకటి. కడిగి, గుడ్డ కుక్కి, కట్టు కట్టింది. పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నది. వాళ్లు నవ్వారట. "ఏ దవాఖానకు అక్కా?" అన్నాడట ఒకడు.

పేరు రాస్తే వాడికి ప్రమాదం. రాయకపోతే తనకు ప్రమాదం. తూటా గాయమంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకు చెప్పాలి. గాయపడ్డ మనిషి ఎవరైనా ముందు వైద్యం చేయాలి, పోలీసు తతంగం తర్వాత, అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1949 జెనీవా ఒప్పందాల్లోని ఉమ్మడి మూడో అధికరణం దేశం లోపలి పోరులో కూడా గాయపడ్డవాళ్లను చేరదీసి చికిత్స చేయాలని చెప్పింది. ఇవన్నీ ఇప్పుడు నాకు తెలుసు. సబ్‌సెంటర్‌లో కిరోసిన్ దీపం ముందు ఆమెకు తెలిసిందల్లా నెత్తురు ఆగాలన్న సంగతే.

వారం తర్వాత స్టాకు లెక్క చూడ్డానికి మనుషులొచ్చారు. గుర్తుంచుకోండి, మందులకు కాదు, గాజుగుడ్డకు. ఒక్క నెలలో ఇంత గాజుగుడ్డ ఎట్లా ఖర్చయింది? అడవిలో దళం జాడ వెతకడానికి కుక్కలే కాదు, బ్యాండేజీ రిజిస్టర్లు కూడా పనికొస్తాయని ఆమెకు అప్పుడే తెలిసింది. అక్కడి డాక్టరు వరంగల్‌లో చదువుకున్నాయన. "ఎలుకలు కొరికినయ్, నేనే కాల్చేయమన్న" అని సంతకం పెట్టాడు. వాళ్లు వెళ్లిపోయాక చిన్నమ్మతో ఒకే మాట అన్నాడట: రామనాథం గారిని చూసిన ఊరు నాది. 1985 సెప్టెంబర్ 3న, ఒక పోలీసు అధికారి అంతిమయాత్ర సాగుతున్న రోజు, వరంగల్‌లో పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం నాయకుడు రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఈ డాక్టరు ఆ తర్వాత రెండు నెలలకు బదిలీ చేయించుకున్నాడు. చిన్నమ్మ అతన్ని తప్పుపట్టదు.

రెండో పక్షం కూడా ఊరుకోలేదు. ఇంకోసారి రాత్రి వచ్చి, చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్‌కు జ్వరం గోలీలు ఎందుకిచ్చావని అడిగారట. "జరమొచ్చింది గనక" అన్నానని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతూ చెబుతూ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"ఆ పోరడు బతికిండంటవా?" అని అడిగాను.

"గుడ్డ లోపలే కుక్కిన. రెండు రోజుల్ల తియ్యాలె, లేకపోతే చీము పడ్తది. తియ్యమని వాళ్లకు చెప్పిన. తీసిన్రో లేదో."

ఇరవై మూడేళ్లుగా ఈమె ఆలోచిస్తున్నది ఆ గుడ్డ గురించి. ఏ పక్షం, ఏ సిద్ధాంతం అని కాదు. అది తీశారా లేదా.

దర్శనం చేసుకొని, నాలుగింటి బస్సుకు వెనక్కి వచ్చాం.

నాలుగో రోజు: తిరుగు దారి

పొద్దున మన్ననూర్ హోటల్లో టీవీలో ఛత్తీస్‌గఢ్ లొంగుబాట్ల వార్తలు. ఇడ్లీ తింటున్నవాళ్లెవరూ తలెత్తలేదు. ఇక్కడ అదంతా అయిపోయి పదిహేనేళ్లు పైనే. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డినీ, ఆయన కొడుకునూ, ఇంకొందరినీ కాల్చి చంపారు. రెండు రోజులకు మావోయిస్టు పార్టీ మీద నిషేధం మళ్లీ వచ్చింది. సరిగ్గా ఆ ఆగస్టు 15నే హైదరాబాద్‌లో 108 సర్వీసు మొదలుపెట్టారు. చిన్నమ్మకు ఈ సంగతి చెబితే నమ్మలేదు. ఆ బండి ఆమె పదరకు రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. తర్వాతి ఏళ్లలో దళాలు వెళ్లిపోయాయి, రోడ్లు వచ్చాయి. 2022లో నాగర్‌కర్నూల్‌కు మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అంతకుముందు పాత జిల్లా మొత్తానికి సర్కారు వైద్య కళాశాల 2016లో మహబూబ్‌నగర్‌లో పెట్టింది ఒక్కటే.

అంతా బాగైపోయిందని రాయబోతే, ఆశా అమ్మాయి చెప్పింది గుర్తొస్తుంది. దళాలు పోయాయి గానీ, దవాఖానకు పోవాలంటే ఎవరినో అడిగి పోవాలన్న భయం ముసలివాళ్లలో ఇంకా పోలేదట. డోలీ కట్టే నలుగురు మగవాళ్లు పెంటలో ఉన్నా, 'బండి వచ్చినంక చూద్దాం' అంటారు. ఫోన్ సిగ్నల్ ఒక గుట్ట మీదనే దొరుకుతుంది. ఆ గుట్టకు పోవడానికి అరగంట.

హాజీపూర్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు చిన్నమ్మ ఫోన్ మోగింది. ఆ అమ్మాయే, గుట్ట మీది నుంచి. నిన్న మేం చూసిన పెంటలోనే, గుడిసె ముందు కూర్చొని ఇప్పపప్పు కొడుతున్న కడుపుతోటి పిల్లకు తెల్లవారుజామున నొప్పులొచ్చాయి. బీపీ ఎక్కువుంది. 108లో నాగర్‌కర్నూల్‌కు పంపినమన్నది.

"ఎన్నింటికి పంపినవ్?"

"ఆరున్నరకమ్మా."

"చేరిందా?"

"చేరుంటది."

"చేరుంటది కాదు బిడ్డా, చేరిందా? బండి డ్రైవర్ నంబరు ఉందా నీకాడ?"

నంబరు చెప్పించుకొని నా చేతి మీద రాసింది, నోట్‌బుక్ సంచి అడుగున ఉండటంతో. బస్సెక్కాక ఆ నంబరుకు మూడుసార్లు చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి, చేర్చినం, లోపలికి తీసుకపోయిన్రు, అన్నాడు. మూడోసారికి డిండి దాటాం. ఆయన వేరే కేసులో ఉన్నాడు గానీ, వార్డులో ఉన్న ఒక నర్సు నంబరు ఇచ్చాడు. ఆ నర్సు ముందు విసుక్కుంది, మీరు ఆమెకు ఏమవుతారని అడిగింది. చిన్నమ్మ ఏమీ కానని చెప్పి, రిటైర్డ్ ఏఎన్‌ఎం అని చెప్పింది. ఆ తర్వాత ఆ నర్సు గొంతు మారింది.

చిన్నమ్మ నోట్‌బుక్ తీసి చివరి పేజీలో కొత్త గీతలు గీసింది, బస్సు కుదుపులకు వంకరగా. పదకొండులో ఇంకా నాలుగు పేర్లు అడగనే లేదు, వాటి కోసం సంక్రాంతి తర్వాత మళ్లీ వద్దామన్నది. ఆ కొత్త గీతల్లో ఈ పిల్లకు ఏడో గడిలో 'పంపిరి', ఎనిమిదో గడిలో 'పది గంటల నలభై, ఆపరేషన్, ఆడపిల్ల, రెండు కిలోల మూడు వందలు, ఇద్దరు క్షేమం'. పేరు గడి దగ్గర ఆగి నన్ను చూసింది. ఆ పిల్ల పేరు మేమిద్దరం అడగడమే మరిచిపోయాం. దేవరకొండ బస్టాండ్‌లో దిగాక, ముందు ఆశాకు ఫోన్ చేసి అది కనుక్కొని, ఆ తర్వాతే ఇంటికి ఆటో పిలిచింది.